ఆటోనగర్‌లో ఒక పూట

విజయవాడ తూర్పు దిక్కున, బందరు రోడ్డుకు చేరువలో ఉన్న ఆటోనగర్‌కు ఎవరూ విహారానికి వెళ్లరు. బండితో పని ఉన్నవారే వెళతారు. 1960ల నుంచి పెరుగుతూ వచ్చిన ఈ పేటలో లారీలకు బాడీలు కట్టేవారు, లేతు యంత్రాలపై ఇనుము చెక్కేవారు, రేడియేటర్లు అతికేవారు, కమాన్ పట్టీలు సరిచేసేవారు, సీట్లు కుట్టేవారు పక్కపక్కనే కనిపిస్తారు. ఉదయం పది దాటితే సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, టీ కుర్రాళ్ల కేకలు కలగలిసిపోతాయి. ఇక్కడి షెడ్లలో చాలా చోట్ల పెద్ద మెకానిక్‌ను ఇప్పటికీ ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు. పుస్తకం చూడకుండా చేతితో, చెవితో నేర్చుకునే విద్య కాబట్టి ఆ పిలుపు అతిశయోక్తి అనిపించదు.

మా చెల్లెలి భర్త పెడన నుంచి కలంకారీ బట్టల మూటలను విజయవాడ వ్యాపారులకు చేరవేస్తారు. ఆయనకున్నది ఒక చిన్న పెట్రోలు పికప్. దాని వాయిదాలు ఇంకా తీరలేదు. రెండు నెలలుగా ఆ బండికి ఒక వింత జబ్బు పట్టుకుంది. పామర్రు దాటి వేగంగా పోతున్నంతసేపూ ఏ లోపమూ ఉండదు. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ వెనుక ఆగబోతే మాత్రం ఇంజన్ ఒక్కసారి వణికి ఆగిపోతుంది. ఇంజన్ ఆగితే బ్రేకుకు అందే సాయం కూడా త్వరలోనే తీరిపోతుంది. ఒకటి రెండు సార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. మూటల బరువుతో ఉన్న బండికి అదెంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. సెలవు రోజుల్లో తండ్రి పక్కన కూర్చుని వెళ్లే పిల్లలను మా చెల్లి అప్పటికే బండి ఎక్కనివ్వడం మానేసింది.

ఊళ్లోని ఒక షెడ్డులో మొదట పెట్రోలు పంపు మార్చారు. తరువాత ప్లగ్గులు మార్చారు. చివరకు ఇంజన్ కంప్యూటరే పోయిందన్నారు. మార్చిన ప్రతిసారీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, ‘చూడండి, ఎంత చక్కగా పలుకుతుందో’ అని చూపించారట. ఆ బండి పరుగెత్తేటప్పుడు ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆటోనగర్‌లో మేము కలిసిన ఉస్తాద్‌కు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. సలాము, ప్రతిసలాము అయ్యాక ఆయన బానెట్ తెరవలేదు, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“ఆగేటప్పుడు ఆగిపోతోందంటున్నారు. క్లచ్ తొక్కినప్పుడా సాబ్, బ్రేకు తొక్కినప్పుడా?”

మా బావగారు కాసేపు ఆలోచించి, రెండూ కలిపే తొక్కుతాను కదా అన్నారు. “అయితే విడదీద్దాం” అన్నారు ఉస్తాద్. బండిని న్యూట్రల్‌లో ఉంచి స్టార్ట్ చేయించారు. ఇంజన్ నిలకడగానే తిరుగుతోంది. క్లచ్ తొక్కి వదిలినా మార్పు లేదు. గేరు వేసి క్లచ్ నొక్కి పట్టినా అంతే. అంటే క్లచ్ సరిగా విడవక ఇంజన్‌ను లాగి ఆపుతోందన్న అనుమానం తీరిపోయింది. తరువాత న్యూట్రల్‌లోనే బ్రేకు గట్టిగా తొక్కి పట్టమన్నారు. పెడల్ దగ్గర ‘స్‌స్’ అని సన్నని శబ్దం వినిపించింది. ఇంజన్ తడబడి ఆగిపోయింది. నిలబడి ఉన్న బండిలోనే రెండు నెలల జబ్బు బయటపడింది!

ఆయన చెప్పిన కారణం ఇది. పెట్రోలు ఇంజన్ గాలిని పీల్చుకునేటప్పుడు గాలి గొట్టంలో ఏర్పడే శూన్యాన్ని ఒక రబ్బరు పైపు ద్వారా బ్రేకు బూస్టర్‌కు అందిస్తారు. బూస్టర్ లోపల పెద్ద రబ్బరు పొర ఉంటుంది. పెడల్ తొక్కగానే ఆ పొరకు ఒక వైపు బయటి గాలి చేరుతుంది, రెండో వైపు శూన్యం ఉంటుంది. ఆ తేడాయే మన కాలికి బలమవుతుంది. పొర చిరిగితే బయటి గాలి నేరుగా ఇంజన్‌లోకి చొరబడుతుంది. పెట్రోలు పాలు పలచబడుతుంది. వేగంగా పోతున్నప్పుడు ఇంజన్ పీల్చే గాలి ఎక్కువ కాబట్టి ఆ కొద్దిపాటి దొంగగాలి లెక్కలోకి రాదు. ఐడ్లింగ్‌లో అదే గాలి ఇంజన్ గొంతు నులుముతుంది. డీజిల్ బండ్లలో బూస్టర్‌కు శూన్యాన్నిచ్చే పంపు వేరుగా ఉంటుంది గనుక వాటిలో ఈ కారణం సాధారణంగా ఉండదనీ, అక్కడ ఫిల్టర్‌నూ మసి పట్టిన వాల్వులనూ ముందు చూడాలనీ కూడా ఆయన అన్నారు.

తన మాట రుజువు చేయడానికి ఆయన ఆ రబ్బరు పైపును బిగించి మూయించారు. మళ్లీ బ్రేకు తొక్కిస్తే పెడల్ గట్టిగా ఉన్నా ఇంజన్ చెక్కుచెదరలేదు.

ఆ వీధి చివర విడదీసిన బండ్ల పాత భాగాలు అమ్ముతారు. అప్పటికే పంపుకూ ప్లగ్గులకూ డబ్బు పోసిన మా బావగారు, పాత బూస్టర్ దొరికితే వేయమని అడిగారు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. “తలుపు అడగండి, బంపరు అడగండి, పాతదే వెతికి తెస్తాను. బ్రేకుకు మాత్రం నా చేత్తో పాతది పెట్టను భాయ్.” కొత్త దానికి తక్కువ పడే డబ్బు వచ్చే నెల ఇవ్వమన్నారు. పెట్రోలు పంపుకు అయిన దానిలో సగం కూడా కాలేదని ఆ తరువాత లెక్క చూసుకున్నాం.

ఇంతలో జుహర్ అజాన్ వినిపించింది. షెడ్డు కుర్రాళ్లు రంపపు పొట్టు, కిరోసిన్ తెచ్చి చేతులు రుద్దుకోసాగారు. పేరుకున్న గ్రీజు కింద చర్మానికి నీరు తగలకపోతే వుజూ కాదు కదా! గోళ్ల సందుల్లోని మడ్డిని పుల్లతో తీసుకుంటున్న పన్నెండేళ్ల మనవడిని ఉస్తాద్ దగ్గరుండి చూశారు. బడి సెలవులకు వచ్చాడట. సెలవులకే వచ్చాడని విని మాకు ఊరట కలిగింది, ఎందుకంటే ఆ వయసు పిల్లలను అన్ని రోజులూ స్పానర్లు పట్టుకుని చూడవలసి రావడం ఇలాంటి పేటల్లో మనసును కలచివేసే దృశ్యం.

నమాజు తరువాత బూస్టర్ మార్చడం, గాలి ద్వారంలో పేరుకున్న మసి తుడవడం అసర్ లోపే ముగిశాయి. బయలుదేరే ముందు ఉస్తాద్ ఒక పరీక్ష నేర్పారు. ఇంజన్ ఆపి బ్రేకు పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కాలి. అది గట్టిపడ్డాక కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయాలి. బూస్టర్ బాగుంటే పెడల్ కాస్త కిందికి దిగుతుంది. దిగకపోతే బండిని రోడ్డెక్కించకూడదు.

మేము ఇల్లు చేరేసరికి మగ్రిబ్ అయింది. మా చెల్లి బండెక్కి ఆ పరీక్షను తానే రెండుసార్లు చేసి చూసింది. తరువాతే పిల్లలను ముందు సీట్లోకి ఎక్కనిచ్చింది.