మా ఐరోపా క్రీడాయాత్ర

విద్యార్థి జీవితంలో గ్రంథపఠనానికి ఎంత విలువ ఉన్నదో దేశ సంచారానికి కూడా అంత విలువ ఉన్నదని పెద్దలు చెబుతారు. ఇల్లు కదలకుండా చదువు సంపాదించవచ్చును గాని, లోకానుభవం సంపాదించాలంటే గడప దాటక తప్పదు. ఆ అనుభవం ఎల్లప్పుడూ తీయగానే ఉంటుందని చెప్పలేము. మేము ఐరోపా ఖండానికి వెళ్ళి గెలుపులు మోసుకొని రాలేదు. అయినప్పటికీ తెచ్చినదేమిటో మిత్రులకు, మమ్ములను పంపిన కళాశాల కమిటీ పెద్దలకు నిజాయితీగా నివేదించుకోవడం మా విధి అని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

స్వీడన్ దేశంలోని గోథెన్‌బర్గ్ నగరంలో 1975 నుండి గోథియా కప్ అనే బాలబాలికల ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. ఏటా జూలై మాసంలో ప్రపంచం నలుమూలల నుండి వేయికి పైగా జట్లు అక్కడకు చేరుతాయి. 2023లో ఆ పోటీలలో ఆడే అవకాశం మా జట్టుకు లభించింది. కమిటీ వారు కొంత, తల్లిదండ్రులు కొంత, పూర్వ విద్యార్థులు కొంత భరించగా పదహారుగురు ఆటగాళ్ళము, ఇద్దరు ఉపాధ్యాయులు, ఐదుగురు తల్లిదండ్రులు కలిసి ఇరవై ముగ్గురము ప్రయాణానికి సిద్ధమయ్యాము. పదిహేడవ వాడు కూడా ఉండవలసినది. మా ఫార్వర్డ్ ఆటగాళ్ళలో ఒకనికి టికెట్ సొమ్ము కూడలేదు. విమానాశ్రయానికి మమ్ములను సాగనంప వచ్చి, తన కొత్త బూట్లు మాలో ఒకని చేతిలో పెట్టి, "నా బదులు ఇవైనా అక్కడ ఆడనీయండి" అన్నాడు. ఆ మాటకు ఏమి బదులు చెప్పాలో మాకు తోచలేదు.

ఢిల్లీ మీదుగా మేము మొదట ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ చేరాము. మా కెప్టెన్ మేనమామగారు అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. వారి ఇంట పప్పు, మామిడికాయ పచ్చడితో కడుపునిండా భోజనం పెట్టారు. అక్కడ జూలైలో రాత్రి పదిన్నర వరకు సూర్యుడు అస్తమించడు. మళ్ళీ నాలుగున్నరకల్లా తెల్లవారుతుంది. ఆ వెలుగును చూస్తూ, పడుకోవడం మరచి, సముద్రతీరంలో తిరిగాము. పెద్దలు వారించినా వినలేదు. మరునాడే ఒక స్థానిక జట్టుతో స్నేహపూర్వకమైన ఆట ఉన్నదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ ఆటలో మేము తొమ్మిది గోల్సు తిని, ఒక్కటీ చేయలేకపోయాము.

మన మైదానాలు మట్టివి. బంతి ఎగిరి, ఆగి, మనకు అందుతుంది. అక్కడిది కృత్రిమ పచ్చిక. దానిపై బంతి నేలకు అంటుకొని జారిపోతుంది. మేము ఇచ్చిన ప్రతి పాస్ గీత దాటి వెళ్ళింది. మా బూట్ల అడుగున పొడుగాటి స్టడ్లు ఉండడం వలన తిరుగబోయిన ప్రతిసారీ కాలు పట్టు తప్పింది. ఇవన్నీ మేము తరువాత గ్రహించిన కారణాలు. ఆనాడు మాత్రం మాకు ఒక్క కారణమే కనబడింది. అది మా గోల్‌కీపర్. మూడవ గోలు అతని చేతుల నుండి జారి పోయింది. ఆట ముగిసిన పిమ్మట ఎవరమూ అతనిని పలుకరించలేదు. బస్సులో అతని ప్రక్క సీటు ఖాళీగానే మిగిలింది. రాత్రి భోజనాల వేళ ఒకడు పరాచికంగా ఒక మాట అన్నాడు, మిగిలినవారము నవ్వాము. అతడు కంచం ముందు నుండి లేచి వెళ్ళిపోయాడు. ఇది వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉన్నది. కాని దీనిని దాచిపెట్టి మిగిలినది వ్రాస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మరునాటి ఉదయం మా వ్యాయామ ఉపాధ్యాయులు మమ్ములను ఒలింపిక్ స్టేడియానికి తీసుకొని వెళ్ళారు. 1952 ఒలింపిక్ క్రీడలు జరిగిన చోటు అది. దాని తెల్లని గోపురం డెబ్బై రెండు మీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది. ముంగిట ప్రసిద్ధ పరుగు వీరుడు పావో నూర్మీ విగ్రహం ఉన్నది. గోపురం ఎక్కితే నగరమంతా, దాని వెనుక సముద్రం, దీవులు కన్నుల పండువుగా కనిపిస్తాయి. మేము ఫోటోలు తీసుకొంటూ ఉండగా మాస్టారు ఒక ప్రశ్న వేశారు: "ఈ ఊరిలో మనవాళ్ళు ఎన్ని గోల్సు తిన్నారో మీకు తెలుసునా?"

మాకు తెలియదు. 1952లో ఇదే నగరంలో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో పది గోల్సుకు ఒక గోలుతో ఓడిపోయింది. నాడు మన ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ జట్టుకు శిక్షకులు మన హైదరాబాదు వారైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఈ నగరంలో ఆట తెలిసిన వారందరూ ఆయనను నేటికీ రహీం సాబ్ అనే పిలుచుకొంటారు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవారు. అదే ఒలింపిక్సులో మన హాకీ జట్టు స్వర్ణ పతకం గెలుచుకొన్నది. అటువంటి వేళ పది గోల్సు తిని ఇంటికి తిరిగి రావడం ఎంత కష్టమో మేము ఆ గోపురంపై నిలబడి ఊహించగలిగాము.

అయితే కథ అక్కడ ఆగిపోలేదు. ఆ ఓటమి తరువాత భారత జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్న్ ఒలింపిక్సులో రహీం గారి జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను నాలుగు గోల్సుకు రెండుతో ఓడించి సెమీఫైనలు చేరింది. ఆసియా ఖండం నుండి అంతవరకు మరే జట్టూ ఆ స్థాయికి చేరలేదు. సెమీఫైనలులో మళ్ళీ ఎదురైనది ఆ యుగోస్లావియాయే. అందులో మొదటి గోలు చేసినది మనవారే. చివరకు నాలుగు గోల్సుకు ఒకటితో ఓడిపోయారు. సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, మన నగరం వాడైన నూర్ మొహమ్మద్ మొదలైనవారు ఆ జట్టులో ఉన్నారు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణ పతకం కూడా సాధించారు. మరుసటి ఏడే, 1963 జూన్‌లో, రహీం గారు కన్నుమూశారు.

"పది గోల్సు తిన్నప్పుడు ఆయన ఎవరి తప్పు అని అడిగి ఊరుకొని ఉంటే మెల్బోర్న్ వచ్చేదా?" అని మాత్రం అని మాస్టారు మెట్లు దిగిపోయారు. గోల్‌కీపర్ మా వెనుకనే నిలబడి ఉన్నాడు. మేము అతని ముఖం చూడలేకపోయాము.

ఆ సాయంత్రం హెల్సింకీ నుండి స్టాక్‌హోంకు ఓడ ఎక్కాము. అది ఓడ కాదు, అంతస్తుల మేడ. రాత్రంతా బాల్టిక్ సముద్రంపై ప్రయాణం. ఒడ్డు దాటగానే సుఓమెన్‌లిన్నా అనే పాత దుర్గం కట్టిన దీవులు ఓడకు అతి దగ్గరగా కదిలిపోయాయి. అందరమూ పై అంతస్తులో చేరాము; అతడొక్కడు దూరంగా కూర్చున్నాడు. మాతో వచ్చిన తల్లులలో ఒకరిని మేమందరమూ ఖాలా అని పిలుస్తాము. ఆమెకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఆమె ఆ పిల్లవానికి టీ ఇచ్చి వచ్చి, మా మధ్య కూర్చుని, "బేటా, నేను చూస్తూనే ఉన్నాను. ఆ బంతి మీ పదిమందినీ దాటిన తరువాతనే కదా వాడి దగ్గరకు వస్తున్నది? పదిమంది వదిలినది ఒక్కడు పట్టలేదని నవ్వుతారా?" అన్నది. ఎవరమూ మాట్లాడలేదు. కొంతసేపటికి కెప్టెన్ లేచి వెళ్ళి అతని ప్రక్కన కూర్చున్నాడు. తరువాత ఒక్కొక్కరమే వెళ్ళాము. క్షమాపణ మాటలు మాకు సరిగా రాలేదు గాని, ఆ రాత్రి మాస్టారి నోటుపుస్తకంలో "ఎవరు" అన్న మాట లేకుండా "ఎందుకు" అన్నవి మాత్రమే వ్రాశాము. నిద్ర లేదు. స్టడ్లు పొడవు. పాస్ బలం ఎక్కువ. మేము దాడికి వెళ్ళినప్పుడు బ్యాక్‌లు కూడా ముందుకు ఉరికి గోల్‌కీపర్‌ను ఒంటరిగా వదిలేశారు. ఈ చివరి దానిని చెప్పినవాడు గోల్‌కీపరే. అంతవరకు అతనిని అడిగినవారు లేరు.

స్టాక్‌హోంలో ఉన్నది ఒక్క దినమే. చూచిన వాటిలో వాసా అనే ఓడ గురించి తప్పక చెప్పాలి. 1628లో స్వీడన్ రాజు ఎంతో వ్యయంతో, అరువది నాలుగు ఫిరంగులతో కట్టించిన యుద్ధనౌక అది. తొలి ప్రయాణంలో రేవు నుండి సుమారు పదమూడు వందల మీటర్లు పోయి, గాలి తోపుకు ఒరిగి, తెరచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీరు చేరి మునిగిపోయింది. ఓడ పైభాగం బరువు ఎక్కువ. దానిని నిలువరించే తూకం అడుగున చాలలేదు. అంతకుముందే ముప్పది మందిని ఈ అంచు నుండి ఆ అంచుకు పరుగెత్తించి పరీక్షించారట. ఓడ మరీ ఊగుతున్నదని ఆ పరీక్షను మధ్యలోనే ఆపివేశారట. తరువాత విచారణ జరిగినది గాని ఎవరికీ శిక్ష పడలేదు. 333 సంవత్సరాలు నీటి అడుగున ఉన్న ఆ ఓడను 1961లో పైకి తీశారు. బాల్టిక్ నీటిలో ఉప్పు తక్కువ గనుక కొయ్యను తినే పురుగు అందులో బ్రతకదు. అందుచేత ఓడ చెక్కుచెదరలేదు. 1990లో దానికి ప్రత్యేకంగా మ్యూజియం తెరిచారు. ఒక దేశం తన పరాభవాన్ని దాచుకోకుండా అద్దాల మేడలో దీపాలు పెట్టి లోకానికి చూపించడం మాకు ఆశ్చర్యం కలిగించింది. మా తొమ్మిది గోల్సు గురించి ఇక్కడ వ్రాయగలగడానికి ఆ ఓడ కూడా ఒక కారణం.

అక్కడి నుండి రైలులో గోథెన్‌బర్గ్ చేరాము. వందలాది జట్లకు బస ఆ నగర పాఠశాలల తరగతి గదులే. బల్లలు ప్రక్కకు జరిపి, పరుపులు పరచుకొని నిద్రించాలి. ఈసారి కిటికీలకు దుప్పట్లు కట్టి, రాత్రి పదింటికే పడుకొన్నాము. ప్రక్క గదిలో జర్మన్లు, ఎదుట బ్రెజిల్ వారు. భాష రాకపోయినా బంతి ఒకటి ఉంటే చాలు, వరండాలోనే స్నేహం కుదిరేది. ట్రాములలో నోట్లు తీసుకోరు, దుకాణాలలోనూ చాలావరకు అంతే. మా వాళ్ళు జాగ్రత్తగా మార్చి తెచ్చిన స్వీడన్ నోట్లు జేబులోనే ఉండిపోయాయి. మాంసం విషయంలో సందేహం వచ్చినప్పుడల్లా చేపలతో, కూరగాయలతో సరిపెట్టుకొన్నాము. 1958 ప్రపంచ కప్ కోసం కట్టిన ఉల్లెవీ స్టేడియంలో ప్రారంభోత్సవం జరిగింది. అక్కడ మన జెండా కనబడినప్పుడు పెద్దల కళ్ళు చెమర్చడం మేము చూశాము.

ఇక ఆటల సంగతి. హేడెన్ మైదానంలోనూ కృత్రిమ పచ్చికే. సాధన కోసం తెచ్చుకొన్న రబ్బరు అడుగు బూట్లు వేసుకొన్నాము. లేనివారికి కెప్టెన్ మేనమామగారు ముందే కొని పంపారు. మొదటి ఆట మూడు గోల్సు తేడాతో ఓడిపోయాము. రెండవది చెరియొక గోలుతో సమంగా ముగిసింది. మా మొదటి గోలు అదే. మేము గంతులు వేసిన తీరు చూచి ఎదుటి జట్టు వారే చప్పట్లు కొట్టారు. మూడవది రెండు గోల్సుకు ఒకటితో పోయింది. ఆ పోటీలలో ఒక మంచి పద్ధతి ఉన్నది. గ్రూపులో వెనుకబడిన జట్లను ఇంటికి పంపరు. వాటికి వేరుగా రెండవ శ్రేణి పోటీ నడుపుతారు. అందులోనూ ఒక్క గోలు తేడాతో ఓడిపోయాము. హెల్సింకీలో ఒక్క ఆటలో తొమ్మిది గోల్సు తిన్న మేము ఇక్కడ నాలుగు ఆటలలో ఏడు తిన్నాము. గోల్‌కీపర్ ఆపినవి లెక్కపెట్టడం మేము మధ్యలోనే మానుకొన్నాము. చివరి ఆటలో బ్యాక్‌లను నిలబెట్టింది, కేకలు వేసి నడిపించింది అతడే.

తిరుగు ప్రయాణంలో ఓరెసుండ్ వంతెన మీదుగా కోపెన్‌హాగెన్ చేరి, ఒక పూట నగరం చూచి విమానం ఎక్కాము. సముద్రంపై ఎనిమిది కిలోమీటర్ల వంతెన, ఆపై మనుషులు నిర్మించిన దీవి, అక్కడి నుండి సొరంగం. రెండు దేశాలను ఇలా కలిపిన మానవుని నేర్పు మెచ్చదగినది.

మిత్రులారా, కమిటీ పెద్దలారా! మీరు ఇచ్చిన సొమ్ముకు మేము కప్పు తేలేదు. ఓడినప్పుడు మనిషిని కాక కారణాన్ని వెదకాలన్న బుద్ధి మాత్రం తెచ్చాము. అది పరీక్షలో తప్పిన వేళ, ఇంటిలో కష్టం వచ్చిన వేళ కూడా పనికివస్తుందని నమ్ముతున్నాము. మాది ఒక్కటే మనవి: ఈసారి జట్టు వెళ్ళేటప్పుడు సొమ్ము లేనందున ఒక్క ఆటగాడైనా వెనుక ఉండిపోకుండా ఒక చిన్న నిధి ఏర్పాటు చేయవలసినది. మా వంతుగా తలకు కొంత వేసి ఇప్పటికే మొదలుపెట్టాము.

వెనుక ఉండిపోయిన మిత్రుని బూట్లు హెల్సింకీ ఆటలో ఆడాయి. తిరిగి ఇస్తున్నప్పుడు వాటిలో నుండి ఆ మైదానపు నల్లని రబ్బరు పలుకులు రాలాయి. అతడు వాటిని అరచేతిలో పోసుకొని చూచి, "ఎన్ని గోల్సు?" అని అడిగాడు. తొమ్మిది అని చెప్పాము. మేము చేసినవి అనుకొని అతడు ఎంతో సంతోషించాడు. అప్పుడు కూర్చోబెట్టి, జరిగినదంతా మొదటి నుండి చెప్పాము.