పొగగొట్టానికి రెండు కొసలు

వంటింట్లో ఏ వస్తువు మురికైనా కంటికి కనబడుతుంది, ఒక్క పొగగొట్టం తప్ప. గిన్నె మాడితే గిన్నే చెబుతుంది. గొట్టం పూడుకుపోతే మాత్రం ఆ సంగతి మన కళ్ళు చెబుతాయి, నీళ్ళు కార్చుకుంటూ!

"గ్యాసు వచ్చిన ఈ రోజుల్లో పొగగొట్టం గొడవేమిటమ్మా?" అంటారేమో. ఒకసారి మా రామసముద్రం వైపు రండి. గ్యాసుబండ ఉన్న ఇంట్లోనే పెరటివైపు కట్టెలపొయ్యీ కనబడుతుంది. స్నానానికి నీళ్ళు కాగాలి, రాగిసంకటి ఉడకాలి. మల్బరీ తోట ఉన్నవాళ్ళకు ఎండుకట్టె ఊరికే దొరుకుతుంటే, డబ్బుపోసి కొన్న బండను ఎందుకు ఖర్చు చేస్తారు చెప్పండి?

మా అవ్వ కాలంలో గొట్టమే లేదు. పొగ దాని ఇష్టం వచ్చినప్పుడు పెంకుల సందుల్లోంచి పోయేది. తెల్లవారుజామున అవ్వ దగ్గు వినే మేమంతా నిద్ర లేచేవాళ్ళం. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. వంటచేసే ఆడమనిషి దగ్గకుండా ఎలా ఉంటుందనుకున్నారు.

ఈ పొగ సంగతి పట్టించుకున్న పెద్దలు లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజుగారు పొగను గొట్టంలోంచి బయటికి పంపే మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటిళ్ళ మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పొయ్యిలను దేశమంతటా పెట్టించింది. మరి ఏమైంది? ఒడిశా పల్లెల్లో గొట్టమున్న పొయ్యిలను నాలుగేళ్ళు గమనించి రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2016లో ఒక వ్యాసం ప్రచురించారు. మొదటి ఏడాది లోపలికి పీల్చే పొగ తగ్గిందట. ఆ తర్వాత పొయ్యిల బాగోగులు చూసుకోవడమూ, వాడడమూ తగ్గిపోయి, ఆ లాభం కాస్తా కరిగిపోయిందట. నాకు తోచేదేమిటంటే, పొయ్యి ఇచ్చేవాళ్ళున్నారు గానీ దాన్ని దులిపేదెవరో మాత్రం ఏ ఇంట్లోనూ తేలలేదు.

నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. నిప్పు ఆరి ఒక రాత్రి గడవాలి. తిండి సామాను బయటపెట్టి, పొయ్యి చుట్టూ తడిగోనెలు పరుచుకోవాలి. ముక్కుకు గుడ్డ తప్పనిసరి. గొట్టం మీది మూత తీసి, తాడుకు చిన్నరాయి, దాని పైన కొబ్బరిపీచు ఉండ కట్టి లోపలికి వదలాలి. పైన ఒకరు, కింద ఒకరు పట్టుకుని నాలుగైదుసార్లు లాగితే మసి జలజలా రాలుతుంది. ఆస్బెస్టాస్ గొట్టమైతే మాత్రం గీకకండి, ఆ పొడి క్యాన్సరు తెస్తుంది. మార్పించుకోవడమే మేలు. పచ్చికట్టె పెడితే గొట్టం త్వరగా పూడుతుందన్నది మరిచిపోకండి.

పని కాగానే తలంటుకోండి. మసి కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. లండనులో పొగగొట్టాలు దులిపేవాళ్ళకు వచ్చే క్యాన్సరుకు మసే కారణమని పెర్సివల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే రాశాడు. అక్కడ ఈ పనికి పసిపిల్లల్ని గొట్టాల్లోకి ఎక్కించేవారు! 1875లో గట్టి చట్టం వచ్చాక గానీ ఆ ఘోరం ఆగలేదు.

పట్నాల్లో ఉన్న చెల్లెళ్ళూ, నవ్వకండి. మీ కరెంటు చిమ్నీదీ ఇదే కథ. స్విచ్చి కట్టేసి, జల్లెడలు ఊడదీసి, వేడినీళ్ళలో వంటసోడా, గిన్నెల సబ్బు వేసి నానబెట్టండి. జిడ్డు పేరుకుంటే పొగ లాగదు సరికదా, మంట తగిలితే అంటుకుంటుంది కూడా.

అన్నట్టు, మొదటిసారి తాడు చేతికిస్తే మావారు, "వంటింటి పని నాకేం తెలుస్తుంది?" అన్నారు.

"కింది కొస వంటింట్లోనే ఉందండీ, కాదనను. పై కొస మిద్దె మీద ఉంది. మిద్దె కురిస్తే ఎక్కేది మీరే గదా?" అన్నాను.

ఎక్కారు. తాడు పైకి లాగేసరికి గుప్పున మసి మొహాన కొట్టింది. దగ్గీ దగ్గీ, కళ్ళు తుడుచుకుని, కిందికి తొంగిచూసి, "రోజూ ఇదేనా నువ్వు పీల్చేది?" అన్నారు.

మా అవ్వను ఆ మాట ఎవరూ అడగలేదు.