నయీమ్ సాబ్ గుర్తొచ్చినారు

ఈ పొద్దు సాయంత్రం చాకవేలులో పిల్లకాయలు బంతాట ఆడతా ఉంటే కాసేపు నిలబడి చూస్తిని. గట్టు మీద ఒక పెద్దాయన నిలబడి, "పాస్ ఇయ్‌రా, ఒక్కడివే పరిగెత్తొద్దు" అని అరుస్తా ఉండాడు. ఆ గొంతు వింటానే హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ గుర్తొచ్చినారు.

ఆయన డిఫెండర్. గోల్ కొట్టినోని పేరు అందరికీ తెలుస్తుంది, గోల్ పడకుండా ఆపినోని పేరు ఎవరికీ పట్టదు. అయినా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియాకు కెప్టెన్‌గా నిలబడి కాంస్యం తెచ్చినారు. మన దేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో దక్కిన చివరి పతకం అదే.

ఆట మానినాక ఆయన మైదానం వదల్లేదు, కోచ్ అయినారు. 1990లో ఈస్ట్ బెంగాల్ చేత ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించినారు. 1997లో ఖాట్మండులో ఇండియాకు శాఫ్ కప్ తెచ్చినారు. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య, రెండు అవార్డులూ అందుకున్నారు. క్రమశిక్షణ దగ్గర పెద్ద స్టార్‌నైనా వదిలేవారు కాదు.

తనకు వచ్చిన విద్యను ఇంకొకరి కాళ్లలో పెట్టడం అన్నింటికన్నా పెద్ద ఆట. మీ ఊర్లో పిల్లకాయలకు ఆట నేర్పే మనిషి ఉంటే, ఈ పొద్దే పోయి ఒక దండం పెట్టండి.