తూనిక చెప్పిన మాట

మా ప్రథమ సంతానం తూకం 2,300 గ్రాములు వచ్చినది. 2,500 గ్రాములకు తగ్గితే తక్కువ బరువు శిశువని వైద్యులు పరిగణిస్తారు. మా నానీ ఊరడిస్తూ, "మన ఖాన్‌దానే అంత, బేటా. అది రక్తంలోనే ఉంది" అన్నది. మేమూ తల ఊపాము.

అమెరికాలో కూడా ఈ రక్తపు మాట చిరకాలం చెల్లినది. ఆ దేశంలో 2022లో వేయి జననాలకు నల్లజాతి శిశువులు 10.9 మంది, తెల్లజాతి శిశువులు 4.5 మంది ఏడాది నిండకనే కన్నుమూశారు. ఇది జాతి లక్షణమేనా? డేవిడ్, కాలిన్స్ అనే వైద్యులు ఇల్లినాయ్ రాష్ట్రంలో 1980-95 నడుమ జరిగిన జననాలను పరిశీలించి 1997లో ఫలితాలను ప్రకటించారు. అక్కడే పుట్టిన తెల్లజాతి తల్లుల బిడ్డల సగటు బరువు 3,446 గ్రాములు. ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డలది 3,333. అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డలది 3,089.

రక్తమే కారణమైతే ఆఫ్రికా నుండి వచ్చిన తల్లుల బిడ్డలే అందరికన్న తేలికగా ఉండవలెను గదా! పుట్టినది మొదలు ఎదుర్కొన్న వివక్ష తల్లి దేహాన్ని లోలోపల అలయజేస్తుందని పలువురు పరిశోధకుల అభిప్రాయం.

ఆ లెక్కలు చదివిన రాత్రి మాకు మా వంటిల్లు జ్ఞప్తికి వచ్చినది. నిండు నెలల్లోనూ మా శ్రీమతి అందరికీ వడ్డించి, చివరకు తాను తినేది. ఆమె కంచంలో ఏమి మిగిలినదో మేము ఒక్కనాడూ చూడలేదు. చూడకనే నేరాన్ని రక్తం మీదకు నెట్టాము.