చుక్క ఆగాకే చెక్క

అరకులో రెండు సెంట్లు కొని పడేసుకోకూడదా అని మమ్మల్ని అడగని చుట్టం లేరు. మేముండేది శృంగవరపుకోటలో. మావారిదీ నాదీ బడి ఉద్యోగాలే. సెలవు దొరికితే అనంతగిరి ఘాటీ ఎక్కడం పెళ్లయిన కొత్తలోనే పట్టుకున్న అలవాటు. అంత ఇష్టమైన చోట ఒక గది వేసుకోరేం అన్నది వాళ్ల ప్రశ్న.

జవాబు చట్టంలోనే ఉంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదని 1959లో భూ బదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1970లో వాటిని మరింత బిగించారు. అందరి నోటా 1/70 అని నలిగేది ఆ సవరణే. అమ్మకం, కౌలు, తాకట్టు, దానం ఏదీ చెల్లదు. గిరిజనేతరుడి దగ్గర్నుంచి గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. అయినా ప్రతి చుట్టం దగ్గరా ఒక ఉపాయం ఉంటుంది: అక్కడి మనిషి ఎవరి పేరునో కొని, వెనక నోటు రాయించుకుంటే సరి అని. బేనామీ చట్టానికి 2016లో వచ్చిన సవరణ ప్రకారం దానికి ఏడేళ్ల వరకూ జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా. శిక్ష మాట పక్కన పెట్టినా, ఆ భూమి వాళ్లకి మిగలాలనే ఆ చట్టం పెట్టారు. మనకి చల్లగాలి తగలడానికి దానికి కన్నం పెట్టడమేమిటి?

అందుకని మేం 2018లో చక్రాలున్న గది కొన్నాం. ఎవరో విశాఖ ఆయన పన్నెండు సీట్ల పాత వ్యానులో సీట్లు పీకించి, రెండు పడకలు, చిన్న వంటగట్టు, పైకప్పుకి గాలి కిటికీ పెట్టించుకుని, ఆర్.సి. పుస్తకంలో కూడా ఆ మార్పు రాయించుకున్నారు. కారవాన్ అంటే మనవాళ్లకి షూటింగులో హీరోగారు కూర్చునేది గుర్తొస్తుంది. మాది అంత లేదు. బండి 2008 నాటిది. 3 లక్షల 20 వేలకి ఇచ్చారు. అరకులో మాకు తెలిసిన ఒక కోటియా కుటుంబం పెరట్లో పెట్టుకుంటాం, రాత్రికి ఇంత అని ఇచ్చి, భోజనం వాళ్లింట్లోనే తింటాం.

2022 వానాకాలం వెళ్లాక తలుపు తీస్తే ముక్కిన వాసన. వెనక పడక కింద, కుడిచేతి మూల, మైకా ఉబ్బి ఉంది. మావారు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశారు. అది తడిసిన రస్కులోకి దిగినట్టు దిగిపోయింది. చెక్క బాగుంటే మొన ఆగాలి.

అప్పుడే ఇంకో ముహూర్తం తరుముకొస్తోంది. సొంత బళ్ల రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. మాది 2023తో సరి. ఆ తరవాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఆ ఫీజు అంతకుముందు 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. గ్రీన్ టాక్సు, ఫిట్‌నెస్ కలిపి మాకు ఎనిమిది వేలు తేలింది. తుక్కు వ్యాపారి 65 వేలిస్తానన్నాడు. కనక ప్రశ్న బాగు చెయ్యడానికి ఎంతవుతుంది అన్నది కాదు. ఇంకో అయిదేళ్లు ఉంచుకోవాలంటే మొత్తం ఎంత వదులుకోవాలి అన్నది. చేతికి రావాల్సిన 65 వేలు వదులుకోవడం కూడా ఖర్చే. మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన అయింది. రాని డబ్బు ఖర్చెలా అవుతుందని మావారు. నోటు పుస్తకంలో లెక్క మొదటి వరసలో అదే రాశాను నేను.

రిపేరుకి రెండు చోట్ల అడిగాం. మొదటి షాపువాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, లోపలంతా కొత్త పీవీసీ షీటు కొట్టేస్తాను, 48 వేలు, వారంలో మెరిసిపోతుంది అన్నాడు. పైన పటారం, లోన లొటారం. రెండో ఆయన మా ఊళ్లోనే బస్సు బాడీలు కట్టే మేస్త్రి. రేటు చెప్పమంటే చెప్పడే.

“ఇప్పకుండా రేటెలాగ సెప్తాను టీచరమ్మా? నీరు దిగినకాడ కనపడదు. ఎక్కడో ఎక్కుద్ది, ఇంకెక్కడో దిగుద్ది. ముందు ఇప్పి సూడాల.”

విప్పడానికి కూలి 1,500 అన్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో నేను ఖర్చు పెట్టిన అతి తెలివైన పదిహేను వందలు అవే అనుకుంటాను. సీలింగు షీటు దింపితే కథంతా బయటపడింది. నీరు ఎక్కుతున్నది వెనక మూల నుంచి కాదు, ముందున్న గాలి కిటికీ చుట్టూ. పాత సిలికాన్ ఎండి, అంచు లేచి, గోరు పట్టేంత సందు. అక్కణ్నుంచి ఇనప పైపు వెంట వెనక్కి జారి, మూలలో గోడలోకి దిగి, థర్మోకోలు వెనక నిలవుండి, నేల చెక్కని తినేసింది. పీవీసీ షీటు కొట్టించి ఉంటే ఆ 48 వేలూ ఇంకో రెండు వానాకాలాల్లో అదే దారిన పోయేవి.

సందులు వెతకడానికి మేస్త్రి చేసిన పని నాకు భలే నచ్చింది. తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, బ్లోయరుతో లోపలికి గాలి కొట్టించాడు. కుర్రాడు పైకెక్కి, బ్రష్షుతో సబ్బు నురగ అంచుల వెంట పూస్తూ పోయాడు. పంక్చరు షాపు విద్యే. గాలి కిటికీ దగ్గర బుడగలు ఊహించినవే. వెనక అద్దం రబ్బరు కింది మూలా బుడగలొచ్చాయి, పైన సామాన్ల కమ్మీ బిగించిన ఒక స్క్రూ నెత్తినా వచ్చాయి. ఆ స్క్రూ సంగతి నీళ్లు పోసి చూస్తే రోజంతా పోసినా తెలిసేది కాదు.

డబ్బు ఎక్కణ్నుంచి తేవాలన్నది తరవాతి మాట. నాకు లక్ష రూపాయల చీటీ ఉంది, నెలకి 5,000, ఇరవై నెలలు. ఫిబ్రవరి పాటలో ఎత్తుకోవాలంటే 19 వేలు తగ్గించుకోవాలి. బ్యాంకులో నగలు పెట్టి తెద్దామన్నారు మావారు. అప్పుడు నేను మేస్త్రిని ఒకటే అడిగాను: నీరు ఆపడానికి ఎంత, చెక్క మార్చడానికి ఎంత, రెండూ విడివిడిగా చెప్పమని. ఆపడానికి 11,400. చెక్క పని 58,600. మొత్తం 70 వేలు. ఇలా విడగొట్టాక తొందర తీరిపోయింది. వాన రాకముందు జరిగి తీరాల్సింది మొదటి పదకొండు వేల పనే. అది జీతంలోంచే కట్టేశాం. పుచ్చిన చెక్క పీకి పారేశాక, నేల లేని బండి జూన్ దాకా షెడ్డులో ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. జూన్ పాటలో 11 వేలకే చీటీ దక్కింది. ఆగినందుకు మిగిలింది 8 వేలు. ఆ నాలుగు నెలలూ తడి ఆరడానికి ఎలాగూ కావాలి.

ఆరడం అంటే ముట్టుకుని చూసి చెప్పేది కాదు. పదమూడు వందలు పెట్టి తేమ చూసే మీటరు కొన్నాం. రెండు సూదులు చెక్కకి గుచ్చితే అంకె చెబుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి ఉంటే పుచ్చు పట్టించే బూజుకి అదే వసతి. మార్చిలో మా గోడ చట్రం 34 చూపించింది, పైకి మాత్రం పొడిగానే ఉంది. మే నెల ఎండలో తలుపులు బార్లా తీసి పెట్టగా 14కి వచ్చింది. అప్పుడే కొత్త చెక్క తెమ్మన్నాను. తడి మీద ప్లైవుడ్ కొట్టడం అంటే పుండు మీద కట్టు బిగించి మానిందనుకోవడమే.

ప్లైవుడ్ దగ్గర ఒక మాట. షాపులో “వాటర్‌ప్రూఫ్ అండి” అని అన్నిటికీ అంటారు. షీటు మీద ముద్ర చూడాలి. ఐఎస్ 303 ఎంఆర్ అని ఉంటే అది గాలిలో తేమకి ఓర్చుకుంటుందే గాని నీళ్లకి కాదు. ఐఎస్ 710 ఉంటే మెరైన్ రకం. మాకు 18 మిల్లీమీటర్ల షీటు ఎంఆర్ అయితే 2,300, మెరైన్ 3,600 పడింది. నేలకి మూడు షీట్లు, అంటే తేడా 3,900. అక్కడ వెనకాడలేదు. పై అల్మారాలకి మాత్రం ఎంఆర్ చాలన్నాను, మేస్త్రి మొహం చిట్లించినా. వాటి దాకా నీరొచ్చిందంటే అప్పటికి అల్మారా గొడవ చిన్నదైపోతుంది. పైకప్పు మీద పాత సిలికాన్ పొర మొత్తం గీకించాం. దాని మీద ఇంకేదీ అంటుకోదు. కిటికీ అంచు కింద బ్యూటైల్ టేపు, పైన పాలీయూరితేన్ సీలెంటు. ఒక రోజు కూలి గీకుడికే పోయింది.

ఇన్సూరెన్సు ఉంది కదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. పాలసీ కాగితం తీసి చదివాను. తుపాను, వరద, గాలివాన, కొండచరియలు విరిగిపడటం అన్నీ అందులో ఉన్నాయి. ఘాటీ ఎక్కే బండికి ఆ చివరిది ఎంత అవసరమో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అయితే నెమ్మది మీద కారి పుచ్చిపోవడం తరుగు కిందికొస్తుంది, దానికి పైసా రాదు. హుద్‌హుద్ లాంటి తుపానులో కొమ్మ పడి పైకప్పు చిరిగిందనుకుందాం, అప్పుడు కూడా పదేళ్లు దాటిన బండికి ఇనప, చెక్క భాగాల మీద సగం కోత, రబ్బరు, ప్లాస్టిక్ అయితే కొత్త బండికైనా సగం కోత. అద్దానికి కోత లేదు. పైగా క్లెయిము వేస్తే బోనసు పోతుంది. మా పాలసీ నేను మానలేదు గాని, దాన్ని రిపేరు డబ్బుగా ఎప్పుడూ లెక్కెయ్యలేదు. ఆ పనికి పోస్టాఫీసులో నెలకి వెయ్యి ఆర్.డి. వేరే కడుతున్నాను.

చివరికి నోటు పుస్తకంలో తేలింది ఇదీ. వదులుకున్న 65 వేలు, రిపేరు 70 వేలు, రిజిస్ట్రేషను 8 వేలు: 1 లక్షా 43 వేలు. అయిదేళ్లకి పంచితే ఏడాదికి 28,600. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకి పక్కన పెట్టే 14 వేలు కలిపితే 42,600. సీజనులో అరకులో మా ఇద్దరికీ అత్తయ్యగారికీ సరిపడే గది 3,500 అనుకుంటే, ఏడాదికి పన్నెండు పదమూడు రాత్రుళ్లు వ్యానులో పడుకుంటే సరికి సరి. జూలైలో గదులు సగం ధరకే దొరుకుతాయి, అప్పుడు గదే చవక. కాబట్టి ఇది పొదుపు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బొర్రా దారిలో ఎక్కడ నచ్చితే అక్కడ ఆగి టీ పెట్టుకునే సరదాకి కట్టే ధర ఇది, ఆ ధర మాకు అందుబాటులో ఉంది, అంతే.

బాగయ్యాక వచ్చిన మొదటి డిసెంబరులోనే తెల్లారేసరికి పైకప్పు లోపల నీటి బొట్లు చూసి మావారి మొహం పాలిపోయింది. వాన లేదు. బొట్లు ఒక చోట కాదు, ఇనుము ఉన్నంత మేరా ఉన్నాయి, మరక లేదు. చలికి తలుపులన్నీ బిగించుకుని ముగ్గురం పడుకుంటే, రాత్రి లోపలే చారు కాస్తే, ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? కారుడు వాన వెనకే వస్తుంది, పసుపుపచ్చ మరక వదులుతుంది. ఇది రెండూ చెయ్యదు. ఎదురెదురు కిటికీలు రెండేసి వేళ్ల మేర తీసి పెట్టి, వంట బయట చేస్తున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక దుప్పటి ఎక్కువ కావాలి.

ఇప్పుడు చుట్టాల ప్రశ్న మారింది. అరకు దారి పట్టే జనం పెరిగారు, కాఫీ పేరు చెప్పి వచ్చేవాళ్లే బోలెడు, బండిని టూరిస్టులకి అద్దెకిస్తే పెట్టింది తిరిగొస్తుంది కదా అంటున్నారు. తెల్ల బోర్డు బండిని అద్దెకి తిప్పకూడదు. పసుపు బోర్డుకి మారాలంటే పర్మిట్టు, వేరే పన్ను, వేరే ఇన్సూరెన్సు, ఏటేటా ఫిట్‌నెస్. ఇంత పాత బండికి అదంతా పెట్టి, సీజను నాలుగు నెలలూ అద్దెకిస్తే ఆ నాలుగు నెలలూ మాకుండదు. మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు కొడుకు స్నేహితులతో వెళ్తానంటే ఊరికే ఇచ్చాం. గాలి కిటికీ మూసే తెచ్చాడు గాని డీజిలు మాత్రం పోయించలేదు.