బూడిదలో దొరికిన ఊరు... బూడిదైపోయిన రీళ్లు

ఇటలీలోని పాంపేకి జనం రెండువేల ఏళ్లనాటి ఊరిని చూడటానికి వెళ్తారు. కొందరు మాత్రం 1971 అక్టోబరులో అక్కడ నాలుగురోజులపాటు మోగిన పాటల్ని వెతుక్కుంటూ వెళ్తారు. ఆ సినిమా డిస్కు వాళ్లింట్లోనే ఉంది. అయినా తనివి తీరదు. ఎందుకంటే...

నేపుల్స్ నగరంలోని గారిబాల్డి స్టేషన్. అక్కడ సొరెంటో వెళ్లే లోకల్ రైలెక్కితే ముప్పావుగంటలోపే పాంపే స్కావి స్టేషన్లో దిగొచ్చు. స్కావి అంటే ఇటాలియన్ భాషలో తవ్వకాలని అర్థం. దారిలో ఎడమవైపు కిటికీలోంచి చూస్తే వెసూవియస్ పర్వతం రైలుతోపాటే వస్తున్నట్టుంటుంది. ఎత్తు 1,281 మీటర్లు. చివరిసారి 1944లో నిప్పులు కక్కింది. ఇప్పుడు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది.

స్టేషన్ దాటగానే శిథిలనగరం గేటు. లోపలికి వెళ్లినవాళ్లు ముందు ఊరి నడిబొడ్డున్న చౌకు, గుళ్లు, స్నానశాలలు చూస్తారు. ఆఖరి క్షణంలో ముడుచుకుపోయిన మనుషుల ఆకారాల ముందు మాటరాక ఆగిపోతారు. నల్ల టీషర్టులు వేసుకున్న కొందరు మాత్రం వీటికోసం ఆగకుండా తూర్పుదిక్కుకు నడుస్తారు. టీషర్టు మీద ఓ పట్టకం, అందులోంచి విడివడుతున్న రంగులు. బ్రిటన్‌కు చెందిన పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం అభిమానులకు అది గుర్తు. 1973లో ఆ బొమ్మ అట్టతో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ ఒక్కటే నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయిందని అంచనా. అంతకు రెండేళ్లముందు ఆ బృందం ఈ ఊరి చివర కూర్చుని పాడింది. వీళ్ల నడకంతా అక్కడికే.

లక్ష్మి దొరికిన వీధి

అభిమానులు నడిచే దారికి అబ్బొందాంజా వీధి అని పేరు. సమృద్ధి వీధి అన్నమాట. ఊరికి ఒక కొస నుంచి రెండో కొసకు తిన్నగా పోతుంది. బండిచక్రాలు ఒరుసుకుని పడ్డ గాళ్లు బండరాళ్లమీద ఇప్పటికీ లోతుగా కనిపిస్తాయి. ఇరుపక్కలా అంగళ్లు, వేడివేడి వంటకాలు అమ్మిన అరుగులు.

ఈ వీధిలోని ఓ ఇంట్లోనే 1938లో జానెడు మించిన ఎత్తున్న దంతపు బొమ్మ దొరికింది. మెడనిండా హారాలు, కాళ్లనిండా కడియాలు ఉన్న స్త్రీమూర్తి. 'పాంపే లక్ష్మి' అని పేరుపడ్డ ఆ బొమ్మ భారతదేశం నుంచి ఓడెక్కి వెళ్లినదే. దక్కనులో, శాతవాహనులు ఏలిన నేలమీద చెక్కి ఉంటారని పలువురు పండితుల అభిప్రాయం. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. దాదాపు పంతొమ్మిది శతాబ్దాలు మట్టికింద ఉన్నా నాశనం కాకుండా దొరికింది. పాంపే గొప్పతనం అదే. క్రీస్తుశకం 79లో వెసూవియస్ కురిపించిన బూడిద ఊరి ప్రాణం తీసింది. ఆ బూడిదే ఊరి ఆనవాళ్లను దాచిపెట్టింది. 1748లో తవ్వకాలు మొదలైననాటి నుంచి ఏదో ఒకటి బయటపడుతూనే ఉంది.

వీధి చివరికొచ్చి కుడివైపు తిరిగితే ఎదురుగా రాతి రంగస్థలి.

గోల వల్ల మూతపడి...

క్రీస్తుపూర్వం 70 ప్రాంతంలో కట్టిన ఆటస్థలం ఇది. రోమ్‌లోని కొలోసియం కంటే దాదాపు నూటయాభై ఏళ్లు పెద్దది. రాతితో కట్టినవాటిలో ఇప్పటికి మిగిలిన అతి పాత ఆంఫిథియేటర్ ఇదేనంటారు. కోడిగుడ్డు ఆకారంలో నేలను లోతుగా తవ్వి, చుట్టూ మెట్లు కట్టారు. ఇరవైవేల మంది కూర్చుని కత్తియుద్ధాలు చూసేవారట. ఇప్పుడు మెట్ల మీద చాలామేర గడ్డి పెరిగిపోయింది.

క్రీస్తుశకం 59లో ఇక్కడ పెద్ద కొట్లాట జరిగింది. ఆట చూడటానికొచ్చిన పొరుగూరు నుచేరియా జనానికీ, పాంపే వాళ్లకీ మాటామాటా పెరిగింది. ముందు తిట్లు, తర్వాత రాళ్లు, ఆ తర్వాత కత్తులు. ఎంతోమంది చచ్చిపోయారు. రోమ్ సెనేట్ ఆగ్రహించి పదేళ్లపాటు ఇలాంటి ఆటలు ఆడకూడదని నిషేధించింది. ప్రేక్షకుల గోలతో మూతపడిన చోటిది. పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత ఒక దర్శకుడు దీన్ని ఎంచుకోవడానికి కారణం ఇక్కడి నిశ్శబ్దమే.

పాస్‌పోర్టు పోగొట్టిన మేలు

ఆడ్రియన్ మేబెన్... బ్రిటన్‌కు చెందిన దర్శకుడు. పింక్ ఫ్లాయిడ్ పాటలతో సినిమా తీయాలని ఆయన కోరిక. పేరున్న చిత్రకారుల బొమ్మలకు ఆ సంగీతం జతచేద్దామని మొదట అడిగితే బృందం ఒప్పుకోలేదు. 1971 వేసవిలో మేబెన్ సెలవు గడపడానికి ఇటలీ వచ్చాడు. పాంపే అంతా తిరిగి వెళ్లాక చూసుకుంటే పాస్‌పోర్టు లేదు! వెతుక్కుంటూ మళ్లీ వచ్చేసరికి సాయంత్రమైంది. జనమంతా వెళ్లిపోయారు. రంగస్థలి మధ్య ఒక్కడే నిలబడ్డాడు. పురుగుల రొద, గబ్బిలాల చప్పుడు ఆ రాళ్లకు తగిలి రెట్టింపై వినిపిస్తున్నాయి. పాస్‌పోర్టు దొరకలేదుగానీ సినిమా దొరికింది.

అప్పట్లో సంగీత సినిమా అంటే జనసముద్రం కనిపించాల్సిందే. 1970లో వచ్చిన 'వుడ్‌స్టాక్' చిత్రంలో వేదిక మీద ఎంతమందిని చూస్తామో, వేదిక ముందు అంతకు లక్షరెట్లమందిని చూస్తాం. మేబెన్ ఆలోచన సరిగ్గా దానికి తలకిందులు. ప్రేక్షకుడనేవాడే ఉండకూడదు! ఖాళీ మెట్లు, రాళ్లు, ఎండ, నలుగురు సంగీతకారులు... అంతే. నేపుల్స్ విశ్వవిద్యాలయంలోని ఓ ప్రొఫెసర్ సాయంతో అధికారుల అనుమతి దొరికింది. లండన్ నుంచి వాయిద్యాలు, స్పీకర్లు లారీలో వచ్చాయి. పాటకు పెదాలు కదిపి మమ అనిపించడం కుదరదనీ, నిజంగానే వాయిస్తామనీ బృందం పట్టుబట్టింది. తీరా చూస్తే కరెంటు చాలలేదు. ఊళ్లోంచి శిథిలాల మీదుగా పొడవాటి తీగ లాగాక గానీ మొదటి స్వరం పలకలేదు. దాంతో విలువైన సమయం కాస్తా పోయింది.

డేవిడ్ గిల్‌మౌర్, రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్... ఈ నలుగురూ అక్టోబరు 4 నుంచి 7 వరకు ఇక్కడ వాయించారు. ఎలాగో దూరి వచ్చిన ఆ ఊరి పిల్లలు కొందరు ఓ పక్కన కూర్చుని చూశారట. ఆ కచేరీకి శ్రోతలంటే వాళ్లే!

గడ్డం చెప్పే గుట్టు

పాంపేలో పూర్తయినవి మూడే పాటలు. ఎకోస్, ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్, వన్ ఆఫ్ దీజ్ డేస్. మిగతావి ఆ తర్వాత పారిస్‌లోని స్టూడియోలో తీసి కలిపారు. ఓ కుక్క ఊళపెడుతూ 'పాడిన' పాట కూడా అక్కడిదే. ఏది ఎక్కడ తీశారో అభిమానులు ఇట్టే చెప్పేస్తారు. రిచర్డ్ రైట్‌కు గడ్డముంటే పాంపే, లేకపోతే పారిస్!

వాళ్లకు అంతుపట్టని సంగతి మరొకటుంది. వన్ ఆఫ్ దీజ్ డేస్ పాట మొత్తం దాదాపు డ్రమ్స్ వాయించే నిక్ మేసనే కనిపిస్తాడు. మధ్యలో చేతిలోంచి ఓ కర్ర ఎగిరిపోతే, లయ తప్పకుండా ఇంకోటి అందుకుంటాడు. చూడముచ్చటగా ఉంటుంది. నిజమేగానీ మిగతా ముగ్గురూ ఏమయ్యారు? వాళ్లనూ తీశారు. ఆ రీళ్లు ఎక్కడో పోయాయి.

సినిమా 1972 సెప్టెంబరులో ఎడిన్‌బరో చిత్రోత్సవంలో మొదటిసారి తెరమీదకొచ్చింది. అప్పుడు నిడివి గంట. 1974లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో తీసిన దృశ్యాలు కలిపి ఎనభై నిమిషాలకు పెంచారు. ఆ తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. క్యాసెట్ అరిగిపోయేదాకా చూసినవాళ్లలో ఒకటే ఆశ... నాలుగురోజులు తీశారు కదా, తెరకెక్కనిది ఇంకెంత ఉందో! ఎప్పటికైనా అదంతా కలిపి పూర్తి సినిమా ఇవ్వకపోతారా!

548 డబ్బాల కథ

2003లో డీవీడీ వస్తోందనగానే ఆ ఆశ రెక్కలు తొడిగింది. దర్శకుడే కొత్తగా కూర్చిన సినిమా అన్నారు. నిడివి పెరిగింది. తీరా చూస్తే పెరిగినదాంట్లో కంప్యూటర్లో చేసిన గ్రహాలు, అంతరిక్ష దృశ్యాలే ఎక్కువ. చాలామందికి అవి రుచించలేదు. పాత గంట సినిమాను కూడా అదే డిస్కులో ఇవ్వబట్టి సరిపోయింది.

అసలు రీళ్లు ఎందుకు వాడలేదో మేబెన్ చెప్పిన కారణం విని అభిమానులు నిర్ఘాంతపోయారు. మిగిలిన నెగెటివ్ కోసం పారిస్ దగ్గర్లో వాటిని దాచిన ఫిల్మ్ భండారాన్ని ఆయన అడిగాడు. అవి చోటు ఆక్రమిస్తున్నాయని ఎప్పుడో తగలబెట్టేశారని తెలిసింది. ఒకటీ రెండూ కాదు, 548 డబ్బాలు!

ఏ దేశంలోనైనా పాత ఫిల్మ్‌కు పట్టే గతి ఇంతే. డబ్బా బరువు. గదికి అద్దె. చల్లగా ఉంచడానికి ఖర్చు. సినిమా ఆడేశాక మిగిలిన ముక్కలతో ఏం పనిలే అనుకుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత వాటికోసం ఎవరో ఎదురుచూస్తారని ఆరోజు ఎవరికి తెలుసు?

చీటీ సరిగాలేని అయిదు డబ్బాలు

2016లో రెండు ఊరింపులు. జులైలో డేవిడ్ గిల్‌మౌర్ నలభై అయిదేళ్ల తర్వాత ఇదే రంగస్థలికి వచ్చి రెండు రాత్రులు పాడాడు. ఈసారి ప్రేక్షకులున్నారు. క్రీస్తుశకం 79 తర్వాత ఇక్కడ జనం కూర్చుని చూసిన మొదటి కచేరీ అదేనన్నారు. అదే ఏడాది చివర్లో బృందం తొలినాళ్ల పాటలతో 27 డిస్కుల పెట్టె వచ్చింది. అందులో పాంపే సినిమాకు కొత్తగా ధ్వని కూర్చారు. కొత్త దృశ్యాలు మాత్రం లేవు.

అసలు కబురు 2025లో వచ్చింది. పింక్ ఫ్లాయిడ్ సొంత భండారంలోనే, పైన చీటీ సరిగాలేని అయిదు డబ్బాలు కనిపించాయి. మూత తీస్తే 1972 సినిమా అసలు నెగెటివ్! దాన్ని ఫ్రేము ఫ్రేముగా శుభ్రం చేశారు. స్టీవెన్ విల్సన్ ధ్వనిని కొత్తగా కూర్చాడు. ఏప్రిల్ 24న థియేటర్లకు, మే 2న డిస్కు రూపంలో ఇళ్లకు చేరింది. పాటల ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. యాభైమూడేళ్ల కిందటి పాటలు!

బొమ్మ అద్దంలా ఉంది. ఎండకు మెరిసే చెమట, గుర్తుపట్టగలిగేంత స్పష్టంగా రాళ్లమీది పగుళ్లు. పాటల డిస్కులో సాసర్‌ఫుల్ పాట కోతల్లేకుండా వచ్చింది. పారిస్‌లో తీసిన ఓ పాటకు ఇంకో వరస కూడా దొరికింది. అంటే చెవులకు కొంచెం కొత్త విందు దక్కింది. కళ్లకు మాత్రం పాత విందే, మెరుగుపెట్టి వడ్డించారు. వన్ ఆఫ్ దీజ్ డేస్ పాటలో ఇప్పటికీ నిక్ మేసనే కనిపిస్తాడు.

ఇంకా మూడోవంతు

అందుకే కాబోలు, అభిమానులు రైలెక్కి పాంపే వస్తారు. డిస్కులో లేనిది ఇక్కడేమైనా దొరుకుతుందేమోనని. ఫోనులో సినిమా పెట్టుకుని, కెమెరా ఎక్కడ నిలబడిందో కొలుచుకుంటారు. గిల్‌మౌర్ కూర్చున్నచోట కూర్చుని ఫొటో దిగుతారు. చప్పట్లు కొట్టి ప్రతిధ్వని కోసం చెవులు రిక్కిస్తారు. 2024 నవంబరు నుంచి ఈ శిథిలనగరంలోకి రోజుకు ఇరవైవేల మందినే అనుమతిస్తున్నారు. ఒకప్పుడు ఈ రంగస్థలిలో పట్టినంతమంది!

పాంపే విస్తీర్ణం 66 హెక్టార్లు. అందులో మూడోవంతు ఇంకా తవ్వలేదు. కావాలనే చాలామేర వదిలేశారు. రేపటివాళ్ల దగ్గర మెరుగైన పనిముట్లు ఉండొచ్చు, అప్పటిదాకా మట్టికిందే భద్రమని. పారిస్ డబ్బాల విషయంలోనూ అలా ఆలోచించినవాళ్లు ఒక్కరున్నా చాలేది.

సాయంత్రం కాపలావాళ్లు ఈల వేస్తారు. జనం గేటువైపు కదులుతారు. నల్ల టీషర్టులు ఆఖరున లేస్తాయి. 548 డబ్బాలు కాలిపోయాయని వాళ్లకు తెలుసు. కానీ చీటీ సరిగాలేని అయిదు డబ్బాలు యాభైఏళ్లు బృందం సొంత అరలోనే ఉన్నాయనీ తెలుసు. ఏ అటకమీదో, ఏ అలమర అడుగునో ఆరోది ఉండకపోతుందా... వెళ్తూవెళ్తూ వాళ్లు మాట్లాడుకునేది దాని గురించే!