పదమూడులో తొమ్మిది పోతే...

టోకియో చూసివచ్చినవారు చెర్రీపూల గురించీ, రైళ్ళ గురించీ చెబుతారు. నేను చెప్పబోయేది ఒక తీసివేత లెక్క గురించి.

మా అబ్బాయి కాపురం నిషికసాయిలో. మనదేశంవాళ్ళు చాలామంది ఉండే పేట అది. మనవడు అక్కడి మునిసిపల్ బడిలో ఒకటో తరగతి. "మామయ్యగారూ, రేపు వాడి క్లాసులో పాఠం చూడ్డానికి పంతుళ్ళంతా వస్తారట. మనల్నీ రమ్మన్నారు" అంది కోడలు, కిందటి నవంబరులో. 32 ఏళ్ళు లెక్కల మాష్టరీ చేసినవాణ్ణి, పిలిస్తే ఆగుతానా?

గుమ్మంలో జోళ్ళు విడిచి, వాళ్ళిచ్చిన చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్ళాం. తక్కిన తరగతుల పిల్లల్ని పెందలాడే ఇళ్ళకు పంపేశారు. గోడవారగా డజనుమంది కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. అలవాటు కొద్దీ నా గుండె దడదడలాడింది.

"వీళ్ళలో ఇన్‌స్పెక్టరు ఎవరమ్మా?" అన్నాను.

"ఎవరూ కారండీ. అంతా ఈ బడి పంతుళ్ళే."

13లో 9 పోతే ఎంత? పంతులమ్మ చెప్పలేదు, అడిగింది. ఒక పిల్ల పదిలోంచి తొమ్మిది తీసి, మిగిలిన ఒకటికి మూడు కలిపింది. ఇంకొకడు ముందు మూడు తీసి, తక్కిన ఆరూ పదిలోంచి తీశాడు. రెండు దారులూ బోర్డుమీద పక్కపక్కనే ఉండిపోయాయి. పాఠం అయ్యేదాకా ఒక్క అక్షరం చెరపలేదు. కిటికీ దగ్గరి కుర్రాడు మాత్రం బల్లకింద వేళ్ళు మడుస్తున్నాడు. వాడి వెనుక నిలబడ్డాయన ఆ వేళ్ళే చూస్తూ ఏదో రాసుకుంటున్నాడు.

తరవాత అందరూ కూర్చున్నారు. పాఠం చెప్పినావిడే ముందు లేచి, తానెక్కడ తడబడ్డదో చెప్పింది. ఆపైన చాలాసేపు ఆ కుర్రాడి వేళ్ళమీదే చర్చ. వాడికి పది ఒక కట్టగా కనబడలేదనీ, ముందే పుల్లలు ఇచ్చి కట్ట కట్టించవలసిందనీ తేల్చారు. వాణ్ణీ, ఆమెనూ ఎవరూ తప్పుపట్టలేదు. ఆ పాఠం కొందరు కలిసి రాసిందే మరి! ఏప్రిల్‌లో బడి తెరిచేటప్పుడే, పిల్లలు తమ ఆలోచన నోరు విప్పి చెప్పగలగాలని బడి అంతటికీ ఒక లక్ష్యం పెట్టుకున్నారట. ఏడాది పొడుగునా ఒకరి పాఠం ఒకరు చూసి, నేర్చుకున్నదాన్నిబట్టి మరుసటేటి పథకం వేసుకుంటారు.

దీన్ని 'జుగ్యో కెంక్యూ' అంటారు, అంటే పాఠ పరిశోధన. 19వ శతాబ్దంలో మొదలైన అలవాటు. 1999లో స్టిగ్లర్, హీబర్ట్ అనే అమెరికా పండితులు పుస్తకం రాశాక పై దేశాల దృష్టి దీనిమీద పడింది. ఊరికే రాలేదు సుమండీ! మేము వచ్చేసేసరికి చీకటి పడింది, పంతుళ్ళ గదిలో దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

నా 32 ఏళ్ళూ తలుపు మూసిన గదిలోనే గడిచాయి. తలుపు తీసేది ఇన్‌స్పెక్టరు వచ్చిననాడే. ఆనాడు మొద్దుపిల్లల్ని వెనకబెంచీలో దాచేవాణ్ణి. వేళ్ళు లెక్కపెట్టే ఒక కుర్రాణ్ణి ఓసారి రూళ్ళకర్రతో కణుపులమీద కొట్టాను. వాడు మళ్ళీ బడికి రాలేదు. ఆ వేళ్ళు ఏం చెబుతున్నాయో కనుక్కుందామని నాకు తోచలేదు, చెప్పేందుకు గదిలో రెండో మాష్టరూ లేడు.

దారిలో మనవడు నా వేలు పట్టుకుని, "తాతా, నువ్వు ఏ దారిలో చేస్తావు?" అన్నాడు.

"నాకు ఒక్క దారే వచ్చురా. రెండోది నువ్వు నేర్పు" అన్నాను.